ఆదివారం తరగతి: పదో తరగతి నుంచి కాలేజీ గడప దాకా



ఈ సంచిక చివరి పేజీల్లో ప్రతి ఏడూ సొసైటీ జమాఖర్చుల పట్టిక వేస్తారు. అందులో వితంతువుల పింఛన్లు, వైద్య సహాయం, పుస్తకాల పంపిణీ అయ్యాక "ఆదివారం తరగతులు" అని ఒక వరుస కనిపిస్తుంది. ఆ వరుసకు ఎదురుగా ఉన్న సొమ్ము పెద్దదేమీ కాదు. అయినా ఈ ఏడాది కార్యవర్గ సమావేశంలో దాని మీదే ఎక్కువ చర్చ జరిగింది. వారానికి ఒక్క రోజు, అదీ మూడు గంటలు చెబితే పిల్లలకు ఏం ఒరుగుతుందని ఇద్దరు పెద్దలు అడిగారు. ఆ సొమ్ముతో పదో తరగతిలో మొదటి స్థానాల్లో వచ్చిన పిల్లలకు ల్యాప్‌టాప్‌లు ఇస్తే సభ నిండుగా ఉంటుంది, పిల్లలకూ పనికొస్తుంది అన్నారు. వారు అడిగిన దానిలో తప్పేమీ లేదు. ఇచ్చేవారికి అడిగే హక్కు ఉంది. ఆ రోజు మేము సరిగ్గా జవాబు చెప్పలేకపోయాము. బోధించేవాళ్లం కదా, బల్ల ముందు కూర్చుంటే మాకు మాట తడబడుతుంది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాము.

ముందు ఒక మాట. ల్యాప్‌టాప్ వచ్చే పిల్లవాడు మన సాయం లేకపోయినా ఎలాగో కాలేజీకి చేరుకుంటాడు. మేము చూస్తున్నది అతని వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడిని.

ముస్లింల చదువు గురించి మాట వస్తే అందరూ సచ్చర్ కమిటీ పేరు చెబుతారు. 2005లో ఏర్పడి 2006 నవంబరులో నివేదిక ఇచ్చిన ఆ కమిటీ, దేశం మొత్తం మీద ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం అనీ, దేశ సగటు 65.1 శాతం అనీ 2001 జనాభా లెక్కలను బట్టి చెప్పింది. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒక్కరే ముస్లిం అని కూడా చెప్పింది. అయితే మన ప్రాంతం సంగతి కొంచెం వేరు. అవే లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటు కంటే ఎక్కువే. అంటే మన పిల్లలు బడికి పోవడం లేదని కాదు. పోతున్నారు, చదవడం రాయడం నేర్చుకుంటున్నారు. పదో తరగతి దగ్గరకు వచ్చేసరికి దారి సన్నబడుతోంది. మగపిల్లవాడైతే మెకానిక్ షెడ్డు, బట్టల కొట్టు, మామ దుకాణం. ఆడపిల్ల అయితే కుట్టుమిషను, ఆ తరువాత సంబంధాలు చూడటం. కాబట్టి మా తరగతి తొమ్మిదిలో మొదలై పదితో ఆగకుండా ఇంటర్ రెండో సంవత్సరం దాకా సాగుతుంది. పదో తరగతి పరీక్షలు ముగిసిన మరునాటి నుంచి కాలేజీలో చేరే దాకా ఉన్న రెండు మూడు నెలల్లోనే ఎక్కువ మంది జారిపోతారు. బడి వారిని వదిలేసింది, కాలేజీ ఇంకా పట్టుకోలేదు. ఆ మధ్యలో చెయ్యి పట్టుకునేవారు ఉండాలి.

ఆదివారమే ఎందుకు కష్టం

ఆదివారం సెలవు కాబట్టి పిల్లలంతా వస్తారనుకుని మొదటి ఏడాది ఉదయం తొమ్మిదికి అందరికీ కలిపి తరగతి పెట్టాము. ఆడపిల్లలు వచ్చారు. మగపిల్లల్లో సగం మంది రాలేదు. ఇళ్లకు వెళ్లి అడిగితే ఒక తండ్రి నవ్వాడు. "సార్, మాది మటన్ అంగడి. వారమంతా ఈగలు తోలుకుంటాం, ఆదివారం పొద్దున ఒక్క పూట బేరం. ఆ పూట వీణ్ణి మీకు పంపితే కవర్లు కట్టేదెవరు?" అన్నాడు. నిజమే. మన ఊళ్లో ఆదివారం అందరికీ సెలవు, మనవాళ్లకు మాత్రం అసలైన పనిదినం. బిర్యానీ సెంటరు, మటన్ అంగడి, చికెన్ కొట్టు, పాత సామాన్ల సంత, షామియానాల పని అన్నిటికీ అదే రోజు. ఇన్నేళ్లుగా ఆ వీధుల్లోనే తిరుగుతూ ఇంత చిన్న సంగతి మాకు తట్టలేదు.

అప్పటి నుంచి ఆడపిల్లలకు ఉదయం తొమ్మిది నుంచి పన్నెండున్నర వరకు, మగపిల్లలకు జుహర్ నమాజు అయ్యి భోజనం చేశాక రెండున్నర నుంచి. అంగడి కడిగి, స్నానం చేసి వస్తారు. మొదటి పది నిమిషాలు కళ్లు మూతలు పడుతుంటాయి. అందుకే టీ, రెండు బిస్కెట్లు. పట్టికలో "ఫలహారం" అని ఉన్నది అదే. ఆడపిల్లల తరగతి పన్నెండున్నర దాటి ఒక్క నిమిషం కూడా సాగనివ్వము. ఒకసారి సాయంత్రం పెట్టి చీకటి పడేదాకా ఉంచితే మరుసటి వారం ముగ్గురే వచ్చారు. పాఠం ఎంత బాగున్నా ఇంట్లో అమ్మీ గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూసేలా చేస్తే ఆ పాఠం నిలవదు.

అంగడి పిల్లల గురించి ఇంకొక మాట. కిలో ఎనిమిది వందలు అయితే మూడు వందల యాభై గ్రాములు ఎంత అని అడగండి. కత్తి ఆపకుండానే రెండు వందల ఎనభై అంటాడు. అదే పిల్లవాడికి "800లో 35 శాతం కనుక్కోండి" అని కాగితం మీద ఇస్తే పెన్ను కొరుకుతూ కూర్చుంటాడు. లెక్క ఒక్కటే. 1985లో బ్రెజిల్‌లోని రెసీఫె పట్టణం నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. వీధుల్లో కొబ్బరికాయలు, పండ్లు అమ్మే ఐదుగురు పిల్లలను పరిశోధకులు కొనేవారిలా వెళ్లి లెక్కలు అడిగితే దాదాపు అన్నీ సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను అంకెలుగా కాగితం మీద ఇస్తే సగం కూడా చేయలేకపోయారు. బి.ఎడ్.లో అది చదివినప్పుడు ఎక్కడో బ్రెజిల్ సంగతి అనుకున్నాము. మా పిల్లవాడికి లెక్కలు రావని బళ్లో అంటే నమ్మకండి. రానిది లెక్క కాదు, లెక్క కాగితం మీదికి ఎక్కే దారి. మేము శాతాలు తక్కెడతోనే మొదలుపెడతాము. కిలోకు వెయ్యి గ్రాములు, అందులో మూడు వందల యాభై అంటే వందకు ముప్పై ఐదు. అక్కడి నుంచి పాఠ్యపుస్తకానికి రావడానికి రెండు ఆదివారాలు చాలు.

ఆరు రోజుల మరపు

"వారానికి ఒక్క రోజు చాలుతుందా?" అన్న ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. చాలదు. మామూలుగా చెబితే అస్సలు చాలదు. ఆదివారం చెప్పింది సోమవారానికి కొంత, బుధవారానికి చాలా, శనివారానికి దాదాపు అంతా పోతుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థం లేని అక్షరాల వరుసలను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. మరపు మొదటి గంటల్లోనే వేగంగా సాగుతుందనీ, ఆ తరువాత నెమ్మదిస్తుందనీ, మళ్లీ మళ్లీ తిరగేస్తే నిలుస్తుందనీ అతను చూపాడు. ఉపాధ్యాయ శిక్షణ కాలేజీల్లో ఈ పేరు చెప్పకుండా పాఠం ముగియదు.

కానీ మన మదరసాలో హాఫిజ్ చేయించే ఉస్తాద్‌కు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. పదేళ్ల పిల్లవాడు ముప్పై జుజ్‌ల ఖుర్ఆన్‌ను, ఆరు వేలకు పైగా ఆయతులను, ఒక్క జబర్ జేర్ తప్పకుండా గుండెలో పెట్టుకుంటున్నాడంటే దాని వెనక ఒక పద్ధతి ఉంది. రోజూ మూడు పనులు. కొత్తగా అప్పజెప్పేది సబక్. గత కొన్ని రోజుల్లో నేర్చినదాన్ని మళ్లీ వినిపించడం సబ్కీ. ఇంకా వెనక ఎప్పుడో పూర్తిచేసిన జుజ్‌లను వంతుల వారీగా తిరగేయడం మంజిల్. సబక్ ఎంత బాగా అప్పజెప్పినా, మంజిల్ తడబడితే ఉస్తాద్ ఆ రోజు కొత్త పాఠం ఇవ్వడు. మనలో చాలామందికి ఇది చిన్నప్పటి నుంచి తెలుసు. తెలిసినా, బడి చదువుకు దీన్ని ఎప్పుడూ వాడుకోలేదు. బళ్లో గణితం పాఠ్యపుస్తకం ఒక వైపు నుంచి మరో వైపుకు నడుస్తుంది. జూన్‌లో వాస్తవ సంఖ్యలు, ఆ తరువాత బహుపదులు, ఆ తరువాత వర్గ సమీకరణాలు, శ్రేఢులు. జనవరిలో సంభావ్యత చెప్పేనాటికి జూన్ పాఠం ఎవరికీ గుర్తుండదు.

మూడో ఏడాది నుంచి మేము తరగతిని మూడు ముక్కలు చేశాము. పేర్లు కూడా అవే పెట్టాము. పిల్లలకు వెంటనే అర్థమయ్యాయి.

రాగానే సబ్కీ. తెల్ల కాగితం ఇస్తాము, పుస్తకం తెరవకూడదు. పోయిన ఆదివారం ఏం చెప్పామో గుర్తున్నంత రాయాలి, దాని మీద రెండు లెక్కలు చేయాలి. ఇరవై నిమిషాలు. మార్కులు వేయము. మొదట్లో పిల్లలు ఖాళీ కాగితం ఇచ్చి తల దించుకునేవారు. ఖాళీ కాగితం ఇవ్వడం సిగ్గు కాదనీ, గుర్తు తెచ్చుకోవడానికి చేసే ఆ పెనుగులాటే చదువనీ చెప్పడానికి చాలా వారాలు పట్టింది. పుస్తకం ఎదురుగా పెట్టుకుని పదిసార్లు చదివితే వచ్చినట్టు అనిపిస్తుంది. పుస్తకం మూసి ఒక్కసారి చెప్పుకుంటే వచ్చిందో లేదో తెలుస్తుంది. హాఫిజ్ పిల్లవాడు ముస్‌హఫ్ మూసి కదా వినిపించేది.

ఆ తరువాత సబక్, అంటే కొత్త పాఠం. గంటకు మించదు. చివర మంజిల్. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి నుంచి ఒక సంగతి. మా లెక్కలో పదో తరగతి పిల్లలు తప్పే వాటిలో ఎక్కువ భాగం పదో తరగతి పాఠాలవి కావు. భిన్నాలు, రుణ సంఖ్యలు, వర్గాలు, ఇవే. ఒక ఉదాహరణ చెబుతాము, లెక్కల మాస్టర్లు విసుక్కోకుండా చదవాలి.

రెండు సంఖ్యలు కలిపి వర్గం చేయమంటే విడివిడిగా వర్గాలు చేసి కలిపేస్తారు. ఎన్నిసార్లు సూత్రం రాయించినా పరీక్షలో మళ్లీ అదే. ఒక ఆదివారం బోర్డు మీద 3, 4 రాసి, కలిపి వర్గం చేయమన్నాము. ఏడు ఏడ్లు 49. విడివిడిగా వర్గం చేసి కలపమన్నాము. 9, 16 కలిస్తే 25. "మిగతా 24 ఎక్కడికి పోయింది?" అని అడిగి ఊరుకున్నాము. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ గది నేల చదరపు బండలది. ఒక అమ్మాయి లేచి సుద్దముక్కతో నేల మీద అటు ఏడు, ఇటు ఏడు బండలకు గీత గీసింది. ఒక మూల మూడు మూళ్ల తొమ్మిది, ఎదురు మూల నాలుగు నాళ్ల పదహారు. మధ్యలో మిగిలినవి రెండు దీర్ఘచతురస్రాలు, ఒక్కొక్కటి పన్నెండు బండలు. "ఇదిగో సార్, ఇరవై నాలుగు ఇక్కడ దాక్కుంది" అంది. ఆ తరగతిలో ఎవరూ ఆ తప్పు మళ్లీ చేయలేదని చెప్పము. చేశారు. కానీ చేసినప్పుడు "సార్, దాక్కున్నది మరిచాం" అని వాళ్లే దిద్దుకున్నారు.

సోమవారం నుంచి శనివారం వరకు ఏం చేస్తారు? రోజుకు మూడు లెక్కలు, ఇషా నమాజు తరువాత. ఒక చిన్న నోటుపుస్తకం, అందులో ఇంట్లో పెద్దవారి సంతకం. సంతకం చేసేది చాలా ఇళ్లలో నానీ. ఆమెకు లెక్క తెలియదు, పిల్ల కూర్చుందో లేదో తెలుసు. అది చాలు.

మూడు భాషల నోటుపుస్తకం

మన పిల్లల్లో కొందరు ఉర్దూ మీడియం నుంచి, కొందరు తెలుగు మీడియం నుంచి, ఎక్కువ మంది పేరుకు ఇంగ్లీషు మీడియం నుంచి వస్తారు. ఇంట్లో మాట్లాడేది మన దక్కనీ ఉర్దూ. ఇంటర్‌లో పుస్తకం ఇంగ్లీషులో, లెక్చరర్ చెప్పేది తెలుగు కలిపి. ఉర్దూ మీడియంలో త్రిభుజాన్ని ముసల్లస్ అని, వృత్తాన్ని దాయిరా అని, కోణాన్ని జావియా అని, సమీకరణాన్ని మసావాత్ అని పదేళ్లు చదివిన అమ్మాయి ఇంటర్ మొదటి రోజు ట్రయాంగిల్, సర్కిల్, యాంగిల్, ఈక్వేషన్ అని వింటే తనకు ఏమీ రాదనుకుంటుంది. వచ్చినదే, పేరు మారింది. అందుకని ప్రతి పిల్ల దగ్గరా మూడు నిలువు వరుసల నోటుపుస్తకం ఉంటుంది. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు. పదో తరగతి అయ్యేసరికి అది గణితానికి, భౌతిక రసాయన శాస్త్రాలకు సరిపడా నిండుతుంది. ఇలాంటిది అచ్చు వేయించి ఇవ్వమని కొందరు సలహా ఇచ్చారు. వద్దన్నాము. తను రాసుకున్నదే గుర్తుంటుంది.

ఉర్దూ చదివిన పిల్లలకు ఆ చదువే ఒక దారి కూడా. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వారి పాలిటెక్నిక్ మన కడపలోనే ఉంది, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఉర్దూ చదివిస్తే ఎందుకూ పనికిరాదని బాధపడే తల్లిదండ్రులకు ఈ రెండు పేర్లు చెబుతుంటాము.

దారులు, పరీక్షలు

కాలేజీ అంటే మన ఇళ్లలో రెండే మాటలు, డాక్టరు లేదా ఇంజనీరు. అవి రాకపోతే ఇంకేం లేదని చదువు మానిపిస్తారు. పిల్లవాడికి ఒక దారి మూసుకుంటే రెండోది కనిపించాలి. ఎనిమిదో తరగతిలోనే జాతీయ ఉపకారవేతన పరీక్ష, మనం ఎన్‌ఎమ్‌ఎమ్‌ఎస్ అంటాము. ప్రభుత్వ బడి పిల్లలు రాయవచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. మేధాశక్తి మీద 90 ప్రశ్నలు, పాఠ్యాంశాల మీద 90. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు. నాలుగేళ్లకు 48,000. తొమ్మిది, పది చదివించాలా వద్దా అని ఊగిసలాడే ఇంట్లో ఆ సొమ్ము తక్కెడను ఇటు వంచుతుంది. మైనారిటీ పిల్లలకు ఒకటి నుంచి ఎనిమిది వరకు కేంద్రం ఇచ్చే ప్రీ మెట్రిక్ ఉపకారవేతనం 2022-23 నుంచి ఆగిపోయింది కాబట్టి దీని విలువ ఇంకా పెరిగింది. అందుకే ఈ ఏడాది నుంచి ఎనిమిదో తరగతి పిల్లలనూ చేర్చుకుంటున్నాము.

పదో తరగతి మార్కులతోనే ఇడుపులపాయ, నూజివీడు వంటి ట్రిపుల్ ఐటీలలో ఆరేళ్ల చదువు. రెండేళ్లు ఇంటర్‌కు సమానం, నాలుగేళ్లు ఇంజనీరింగ్. ప్రభుత్వ బడి పిల్లలకు ఎంపికలో నాలుగు శాతం అదనపు మార్కులు కలుపుతారు. ప్రైవేటు బడిలో చేర్చాలని పదో తరగతికి ముందు పిల్లలను మార్చే తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి. పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా, ఆ తరువాత ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. మధ్యలో ఉద్యోగం కావాలన్నా డిప్లొమా చేతిలో ఉంటుంది. మా అభిప్రాయం అడిగితే మన ఇళ్ల పిల్లలకు ఈ దారే ఎక్కువ నప్పుతుంది. రెండేళ్ల ఇంటర్‌కు కార్పొరేట్ కాలేజీలో అప్పు చేసి లక్షలు పోయడం కంటే ఇది మేలు. కొందరు దాతలు మాతో ఏకీభవించరని తెలుసు.

పరీక్ష రాయడం కూడా నేర్పవలసిన విద్యే. పాలిసెట్‌లో 120 ప్రశ్నలు, రెండు గంటలు. అంటే ప్రశ్నకు ఒక నిమిషం. తప్పు జవాబుకు మార్కు తీయరు కాబట్టి ఒక్కటీ ఖాళీగా వదలకూడదు. నీట్ అలా కాదు, సరైనదానికి నాలుగు, తప్పుకు ఒకటి కోత. "అయితే తెలియనిది వదిలేయాలా?" అని ఇంటర్ పిల్లలు అడుగుతారు. అదే రోజు సంభావ్యత పాఠం చెప్పవచ్చు. నాలుగు ప్రశ్నలు గుడ్డిగా గుర్తు పెడితే సగటున ఒకటి సరి, మూడు తప్పు. నాలుగు వచ్చాయి, మూడు పోయాయి, లాభం ఒకటి. పెద్ద లాభం కాదు, అదృష్టం తిరగబడితే నష్టమే. నాలుగు జవాబుల్లో రెండు కావని కచ్చితంగా తెలిస్తే మాత్రం లెక్క మారుతుంది. అలాంటి రెండు ప్రశ్నలు గుర్తు పెడితే సగటున ఒకటి సరి, ఒకటి తప్పు. నాలుగు వచ్చి ఒకటి పోతుంది, లాభం మూడు. కాబట్టి సరైనది తెలియకపోయినా కానిదేదో తెలుసుకునేంత చదవాలి. మా అనుభవంలో పిల్లలు దీన్ని ఏ ఉపన్యాసం కంటే శ్రద్ధగా వింటారు.

కాగితాలు

ఇక మేము తప్పు చేసిన చోటు చెప్పాలి. రెండో ఏడాది ఒక అమ్మాయి పాలిసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంది. తండ్రి ఆటో నడుపుతాడు. ఒప్పించడానికి మేము రెండుసార్లు ఇంటికి వెళ్లాము. చివరకు "మీ మాట మీద పంపుతున్నా, మాస్టరు సాబ్" అన్నాడు. ర్యాంకు వచ్చింది కదా అని మేము ఊపిరి పీల్చుకున్నాము. ధ్రువపత్రాల పరిశీలన అయ్యాక ఇంటర్నెట్ కేంద్రంలో కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవాలి. ఆ రోజు మాలో ఒక్కరం కూడా ఆమెతో వెళ్లలేదు. ఆమె తనకు తెలిసిన రెండు కాలేజీలు, ఒకే ఒక బ్రాంచి పెట్టి వచ్చేసింది. ఎన్ని ఎక్కువ పెడితే అంత మంచిదనీ, పెట్టినవాటిలో ఒకటి రాకపోతే తరువాతది చూస్తారనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. సీటు రాలేదు. ఇంకో విడత ఉందని మాకు తెలిసేసరికి తేదీ దాటింది. తండ్రి ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది. మరుసటి ఏడాది ఆమెకు పెళ్లి చేశారు.

గత ఏడాది ఆమె తన తోటికోడలి కూతురిని మా తరగతిలో చేర్పించడానికి వచ్చింది. చేర్పించి, "ఆప్షన్లు పెట్టే రోజు నాకు చెప్పండి సార్, నేనూ వస్తా" అంది. వచ్చింది కూడా. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని, జిల్లాలోని కాలేజీల పట్టిక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ చదివి పెట్టించింది.

అప్పటి నుంచి తొమ్మిదో తరగతిలోనే కాగితాల పని మొదలుపెడతాము. మొదటిది పేరు. బడి రికార్డులో ఒక అక్షరక్రమం, ఆధార్‌లో ఇంకొకటి. షేక్ అన్న ఒక్క మాటనే ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. కొన్నిచోట్ల రెండక్షరాలు వేసి చుక్క పెడతారు. అమ్మాయి పేరు చివర బేగం ఒకచోట ఉంటుంది, ఇంకొకచోట ఉండదు. పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక సరిచేయడం పెద్ద ప్రయాస. అందుకే పదో తరగతి నామినల్ రోల్స్ పంపకముందే ఆధార్, పుట్టిన తేదీ పత్రం, బడి రిజిస్టరు మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్తాము. ఇది పాఠం కాదు, అయినా పాఠమంత సమయం తీసుకుంటుంది.

రెండోది కులధ్రువపత్రం. 2007 చట్టం ప్రకారం ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం. ఇది ముస్లింలందరికీ అనుకునేవారు ఎక్కువ. షేక్, ఖురేషీ, ఫకీర్, అత్తరు సాయిబులు వంటి వర్గాలకు వర్తిస్తుంది. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలకు వర్తించదు. వారిలో ఆదాయం తక్కువ ఉన్నవారు ఆర్థికంగా వెనుకబడిన వర్గాల పత్రం తీసుకోవాలి. దూదేకుల, నూర్‌బాషా వారు మొదటి నుంచి బీసీ-బిలో ఉన్నారు. వారి పిల్లవాడు తెలియక బీసీ-ఇ అని దరఖాస్తులో గుర్తు పెడితే పరిశీలనలో చిక్కే. ఈ ఒక్క పేరా కత్తిరించి మసీదు నోటీసు బోర్డు మీద అంటించినా మాకు సంతోషమే.

సొమ్ము సంగతి

జకాత్ హక్కుదారుడి చేతికి చేరి అతని సొంతం కావాలని మన ఉలమా చెబుతారు. అందుకే పిల్లల పరీక్ష ఫీజులు, కాలేజీ ఫీజులు, బస్ పాసులు అర్హులైనవారికి జకాత్ ఖాతా నుంచి వారి చేతికే ఇస్తాము. కరెంటు బిల్లు, టీ, జిరాక్సులు, భౌతికశాస్త్రం చెప్పే మేడమ్‌కు ఇచ్చే గౌరవ వేతనం జకాత్ నుంచి ఇవ్వము. అవి లిల్లాహ్ ఖాతా నుంచే. రమజాన్‌లో జకాత్ బాగా వస్తుంది, లిల్లాహ్ మాత్రం ఎప్పుడూ కొరతే. పిల్లవాడికి ఫీజు కట్టడానికి పదిమంది ముందుకు వస్తారు. పాఠం చెప్పే మనిషికి ఆటో ఖర్చు ఇవ్వడానికి ఎవరూ రారు. దైవప్రవక్త (సఅసం) కాలంలో బద్ర్ యుద్ధంలో పట్టుబడి, విడుదలకు సొమ్ము లేని ఖైదీలలో చదువు వచ్చినవారు మదీనా పిల్లలు పది మందికి రాయడం నేర్పితే అదే వారి పరిహారంగా లెక్కించారని సీరత్ గ్రంథాల్లో చదువుతాము. ఆ రోజు బోధనకు ఒక మనిషి స్వేచ్ఛ అంత వెల కట్టారు. మేము అడుగుతున్నది ఆటో ఖర్చు.

ల్యాప్‌టాప్‌ల మాటకు వస్తే, ఇవ్వండి. కానీ ఆదివారం తరగతిని ఆపి కాదు. లేదా ఆ ల్యాప్‌టాప్‌లలో ఒకటి మా గదిలో పెట్టండి, జూన్ జులైలలో ఆప్షన్లు పెట్టడానికి ఇంటర్నెట్ కేంద్రం ముందు ఆడపిల్లలు నిలబడనక్కరలేకుండా.

మా వల్ల కానిది కూడా చెప్పాలి. ఇంట్లో అన్నం లేక పనికి పోయే పిల్లవాడిని మేము ఆపలేకపోయాము. ఏటా నలుగురైదుగురు మధ్యలో మానేస్తారు. పెద్ద ర్యాంకుల ఫోటోలు చూపించమంటే మా దగ్గర లేవు. ఉన్నవి సబ్కీ కాగితాల కట్టలు, సంతకాల నోటుపుస్తకాలు, కాలేజీలో చేరిన పిల్లల అడ్మిషన్ రసీదుల నకళ్లు. ఎవరైనా వచ్చి చూడవచ్చు.

కొత్త తరగతులు బడులు తెరిచిన తరువాత వచ్చే రెండో ఆదివారం మొదలవుతాయి, ఇన్షా అల్లాహ్. దాతలు వచ్చి వెనక బెంచీలో కూర్చుని ఒక తరగతి పూర్తిగా చూడాలని కోరుతున్నాము. లెక్కలు, సైన్సు తెలిసినవారైతే ఒక గంట చెప్పండి. ప్రసంగం మాత్రం వద్దు, పిల్లల మంజిల్ సమయం పోతుంది.